ఏటి మీద కాలువ

నలభై అడుగుల ఖానాలు 49. కలిపితే 1,960 అడుగులు. కట్టడం మొత్తం పొడవు 2,248 అడుగులు. తీసేస్తే మిగిలేది 288. నలభై తొమ్మిది ఖానాల నడుమ నిలబడే స్తంభాలు 48. అంటే ఒక్కో స్తంభానికి సగటున ఆరడుగుల మందం. లెక్క పైసాతో సహా సరిపోయింది. పి.గన్నవరం దగ్గర వైనతేయ గోదావరిని దాటించి రాజోలు వైపు కాలువను తీసుకెళ్లడానికి కట్టిన పాత అక్విడెక్టు కొలతలివి.

ఈ చిన్న తీసివేత చేసి చూస్తే కట్టినవాడి మనసు తెలుస్తుంది. ఏటి వెడల్పులో ఇంచుమించు ఎనిమిదో వంతు తన స్తంభాలకు తీసుకున్నాడు, మిగతా ఏడు వంతులూ ఏటికే వదిలాడు. ఇసుక నేలలో అంత సన్నటి స్తంభాలు నిలబెట్టాలంటే పునాది మీద నమ్మకం ఉండాలి. ఏరు పొంగినప్పుడు ఎంత దారి అడుగుతుందో తెలిసుండాలి. 1847లో మొదలైన ధవళేశ్వరం ఆనకట్ట పని 1852కి ముగిసింది. 1850ల మొదటి ఏళ్లలోనే ఈ అక్విడెక్టూ లేచింది. ఆనకట్ట పేరు చెప్పగానే ఆర్థర్ కాటన్ గుర్తొస్తాడు. గన్నవరం పని చేయించింది ఆయన దగ్గర పనిచేసిన కుర్ర ఇంజనీరు హేగ్. తర్వాతి రోజుల్లో దుమ్ముగూడెం దగ్గర గోదావరిలో పడవల దారి కోసం పాటుపడినవాడూ ఈయనే. మన ఊళ్లలో కాటన్ విగ్రహాలు వీధికొకటి ఉన్నాయి. హేగ్ పేరు మాత్రం ఇంజనీర్ల నోట తప్ప వినపడదు.

అసలు అక్కడ కాలువ ఏటిని ఎందుకు దాటాల్సి వచ్చిందో తెలియాలంటే కోనసీమ నేల తీరు తెలియాలి. ధవళేశ్వరం దిగగానే గోదావరి గౌతమిగా, వసిష్ఠగా చీలిపోతుంది. ఆ రెండు పాయలకూ సముద్రానికీ మధ్య చిక్కిన ముక్కోణపు నేల కోనసీమ. వసిష్ఠలోంచి వైనతేయ విడిపోయి ఓడలరేవు దగ్గర సముద్రంలో కలుస్తుంది. దాంతో కోనసీమ అనే దీవిలోంచి ఇంకో దీవి తెగిపోయింది. రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి, మామిడికుదురు ఆ రెండో దీవిలోవి. పడమట వసిష్ఠ, తూర్పున వైనతేయ, దక్షిణాన అంతర్వేది నుంచి సాగిన సముద్రపు ఒడ్డు. పాత రికార్డుల్లో దీని పేరు నగరం దీవి.

డెల్టాలో ఏరు లోయలో పారదు. ఏటేటా వరదతో తెచ్చిన ఒండ్రు తన గట్ల మీదే పోసుకుంటూ, చుట్టుపక్కల నేల కన్నా ఎత్తున పారుతుంది. గట్టు దగ్గర నేల మెరక, దూరం పోయేకొద్దీ పల్లం. అందుకని సాగునీటి కాలువను మెరక వెంబడి తీస్తారు, మురుగు కాలువను పల్లం వెంబడి తీస్తారు. ఆనకట్ట పక్కన బొబ్బర్లంక దగ్గర తలుపులు దాటిన గోదావరి నీరు లొల్ల లాకుల దాకా ఒకే కాలువగా వచ్చి, అక్కడ అమలాపురం వైపూ గన్నవరం వైపూ చీలిపోతుంది. మధ్య డెల్టాలో, అంటే కోనసీమలో, ఈ నీటి కింద ఉన్న ఆయకట్టు సుమారు 2 లక్షల ఎకరాలు. లొల్ల లాకుల్ని సినిమాల్లో చూసి మురిసిపోయినవాళ్లకు అక్కడ జరిగే అసలు పని కనిపించి ఉండదు. ఒక కాలువలో వచ్చిన నీటిని చెదరకుండా, గట్టు కోయకుండా, వాటాలు తప్పకుండా పంచే చోటు అది.

నీటికి ఉన్న పెట్టుబడి ఎత్తు ఒక్కటే. ధవళేశ్వరంలో ఇప్పుడున్న కాటన్ బ్యారేజీ దగ్గర నీటిమట్టం సముద్రం కన్నా 13.64 మీటర్ల ఎత్తున నిలుస్తుంది. అక్కడినుంచి అంతర్వేది ఒడ్డు సూటిగా కొలిచినా సుమారు 70 కిలోమీటర్లు. పంచి చూస్తే కిలోమీటరుకు జానెడు పల్లం కూడా రాదు. పొలాలు సముద్రమట్టం కన్నా ఎత్తునే ఉంటాయి కాబట్టి చేతికి దక్కేది ఇంకా తక్కువ. ఆ కాస్త పల్లంలోనే కాలువ నడవాలి, ప్రతి లాకు దగ్గరా తలుపు కింద నుంచి నీరు తోసుకొచ్చే తేడా ఉండాలి, తూముకు ఎక్కడానికి మట్టం మిగలాలి. అక్విడెక్టు వల్ల అదనపు ఖర్చు ఒకటుంది. మట్టి కాలువ కన్నా అక్విడెక్టు తొట్టె ఇరుకు. ఇరుకులో అంతే నీరు పోవాలంటే వేగం పెరగాలి. వేగం ఊరికే రాదు, తొట్టె ఈ చివర మట్టానికీ ఆ చివర మట్టానికీ తేడా చూపిస్తేనే వస్తుంది. ఆ తేడా ఎక్కువైతే రాజోలు వైపు మెరక పొలాలకు నీరెక్కదు. తగ్గిస్తే తొట్టె వెడల్పు పెంచాలి, బరువు పెరుగుతుంది, స్తంభాలు లావెక్కుతాయి, ఏటికి దారి తగ్గుతుంది. ఒక కొలత ముట్టుకుంటే మిగతావన్నీ కదులుతాయి. అందుకే ఆ ఆరడుగుల స్తంభం అంత అందంగా కనిపిస్తుంది నాకు. అది తెగించి తగ్గించిన కొలత.

ఏటి కింద నుంచి గొట్టంలా కాలువను తీసుకెళ్లే పద్ధతి కూడా ఉంది, సైఫన్ అంటారు. చిన్న వాగులకు అది బాగానే ఉంటుంది. పెద్ద ఏటికి అయితే గొట్టంలో నీరు నెమ్మదించిన చోటల్లా ఒండ్రు పేరుకుంటుంది, లోపలికి దిగి తీసేవాడుండడు. పైనుంచి తీసుకెళ్లిన కాలువలో లోపమైతే కళ్లెదుటే కారుతుంది. దాని విలువ ముందు ముందు తెలుస్తుంది.

పునాదుల పని చూద్దాం. వైనతేయ పడకలో ఎంత తవ్వినా ఇసుకే, రాయి తగలదు. ఇసుకలో గోతి తీస్తే పక్కలు జారిపోతాయి, ఊట నిండిపోతుంది. ఆ కాలం ఇంజనీర్లకు దొరికిన ఉపాయం నూతులు దింపడం. ఇది సీమ నుంచి వచ్చిన విద్యేమీ కాదు. వదులు ఇసుకలో పునాది నిలబెట్టడం కావేరి మీద పాత ఆనకట్ట కట్టిన మన పనివాళ్ల దగ్గరే నేర్చుకున్నామని కాటనే ఒప్పుకున్నాడు. ధవళేశ్వరం ఆనకట్టకూ ఇలాంటి నూతుల వరుసలే ఆధారం.

వేసవిలో ఏరు సన్నబడినప్పుడు, స్తంభం రావలసిన చోట ఇసుక మీద గుండ్రటి చెక్క చట్రం పెడతారు. దాని మీద ఇటుకతో గోడ ఎత్తుతారు. మనిషెత్తు గోడ లేచి ఆరాక పనివాడు లోపలికి దిగి, గోడ కింద నుంచి ఇసుకను చుట్టూ సమానంగా గోకి తట్టలకెత్తుతాడు. అడుగున ఆధారం పోగానే నుయ్యి తన బరువుతోనే కిందికి జరుగుతుంది. మళ్లీ పైన నాలుగు వరుసల ఇటుక, మళ్లీ లోపల తవ్వకం. పనితనమంతా ఆ 'సమానంగా' అన్నమాటలో ఉంది. ఒక పక్క ఎక్కువ గోకితే నుయ్యి ఒరుగుతుంది, ఒరిగిన నుయ్యిని నిలబెట్టడం కన్నా కొత్తది దింపుకోవడం తేలిక. ఒరుగుతుందనిపిస్తే మెరకగా నిలిచిన పక్కనే తవ్వాలి, ఆ పక్కనే బరువులు పేర్చాలి. కంటికి కనపడని చోట, మోకాలి లోతు ఊటలో నిలబడి, కాళ్ల కింద నేల ఎటు జారుతోందో అరికాలితో పట్టుకునే పని అది. కావలసిన లోతు చేరాక లోపలంతా రాయీ సున్నం కాంక్రీటూ నింపేస్తారు. అలా దింపిన నూతుల మీద స్తంభం లేస్తుంది.

స్తంభం నుంచి స్తంభానికి ఆర్చి. ఆర్చి తన మీది బరువును పక్కలకు తోస్తుంది. ఎడమ ఆర్చి కుడికి తోస్తే, కుడి ఆర్చి ఎడమకు తోస్తుంది. రెండు తోపులూ స్తంభం తల మీద ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, స్తంభానికి నిలువు బరువే మిగులుతుంది. ఆరడుగుల స్తంభం సరిపోవడానికి కారణం ఇదే. అయితే పని సాగుతున్నప్పుడు ఒక పక్క ఆర్చి పూర్తయి, రెండో పక్క ఖాళీగా ఉంటుంది. ఆ దశలో కర్ర చట్రాన్ని తొందరపడి తీస్తే స్తంభం పక్కకు వాలుతుంది. ఏ చట్రం ఎప్పుడు తియ్యాలి, దాన్ని తీసుకెళ్లి ముందు ఏ ఖానాలో బిగించాలి అన్నది ఓ పెద్ద లెక్క. వరద వచ్చేలోపు ఆ లెక్క తేలాలి. ఏరు జూలైలో వచ్చేస్తుంది, ఎవరికోసమూ ఆగదు.

ఇలాంటి రాతి, ఇటుక కట్టుబడికి ఒక గుణముంది. ఒత్తిడిని ఎంతైనా ఓర్చుకుంటుంది, లాగుడును ఓర్చుకోదు. బండ్లు నడిచే వంతెన మీద బరువు వచ్చి పోతూ ఉంటుంది, ఆర్చి ఒకసారి ఇటు ఒకసారి అటు వంగుతుంది. అక్విడెక్టు మీద నీరు ఆ చివర నుంచి ఈ చివర దాకా ఒకే మందాన నిలుచుంటుంది. ఘనపు మీటరుకు టన్ను చొప్పున ఆ నీరు ఆర్చిని రాత్రింబవళ్లు అదిమి పట్టి ఉంచుతుంది. కట్టడానికి భారమనుకున్నదే దానికి బిగువు. సున్నానికి కూడా ఓ మంచి బుద్ధి ఉంది. సన్నటి పగులులోంచి నీరు ఊరితే, ఆ నీటిలో కరిగిన సున్నం పగులు అంచున మళ్లీ గట్టిపడి కొంతకాలానికి దాన్ని తనంతట తానే పూడ్చుకుంటుంది. పెద్ద పగులుకు ఈ వైద్యం పనిచెయ్యదు, వెంట్రుకంతదానికి పనిచేస్తుంది.

అక్విడెక్టులో అన్నిటికన్నా సున్నితమైన చోటు ఏటి నడుమ ఉండదు. మట్టి కాలువ వచ్చి కట్టుబడిని తాకే చోటుంటుంది, రెండు ఒడ్డుల్లోనూ. మట్టి కుంగుతుంది, కట్టుబడి కుంగదు. ఆ రెంటి మధ్య వెంట్రుకంత సందు పడితే నీరు దాన్ని పట్టుకుంటుంది. గోడ వెంట జారి, మట్టిని రేణువు రేణువుగా మోసుకుపోయి, ఒక రాత్రికి గండి చేసేస్తుంది. అందుకే అక్కడ పక్క గోడల్ని మట్టిలోకి రెక్కల్లా చాపుతారు. వాటి వెనక బంకమట్టిని తడిపి, తొక్కించి, పొర మీద పొర వేసి దిమ్మిస కొడతారు. గోడ ఎంత లోపలికి పోతే నీరు చుట్టు తిరిగి రావలసిన దారి అంత పొడవు. దారి పొడవైతే నీటికి ఊపు పోతుంది, ఊపు పోయిన నీరు మట్టిని ఎత్తుకుపోలేదు. బయట నిలబడి చూసేవాడికి ఇదేదీ కనపడదు, గడ్డి మొలిచిన గట్టు కనపడుతుందంతే.

మరమ్మతులతో దాదాపు నూట యాభై ఏళ్లు మోసుకొచ్చిన పనిని 2000లో కొత్త అక్విడెక్టు అందుకుంది. దానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. లంకల గన్నవరంలో ఏ వేళ వచ్చినవాడికైనా అన్నం పెట్టిన తల్లి ఆవిడ, 1909లో కన్నుమూశారు. కట్టడాలకు పేర్లు పెట్టడంలో మన ప్రభుత్వాలకు పెద్దగా ఔచిత్యం ఉండదు గానీ, ఈ ఒక్కచోట కుదిరింది.

కొత్తది కాంక్రీటు, అటు కాలువనూ ఇటు వాహనాలనూ దాటిస్తుంది. దీని సూక్ష్మం వేరే చోట ఉంది. ఎండకు కాంక్రీటు సాగుతుంది, రాత్రికి ముడుచుకుంటుంది. అంత పొడవు తొట్టెను ఒకే ముక్కగా పోస్తే తనంతట తనే పగిలిపోతుంది. అందుకని ముక్కలు ముక్కలుగా పోసి, ముక్కకూ ముక్కకూ మధ్య వేలెడు సందు వదులుతారు. రోడ్డు వంతెనకైతే ఆ సందు అలా వదిలేసినా చక్రం దాటేస్తుంది. నీటిని మోసే తొట్టెలో ఆ సందు కదలాలి, కారకూడదు. దానికి రబ్బరు లాంటి పట్టీని కాంక్రీటు పోసేటప్పుడే సగం ఈ ముక్కలో, సగం ఆ ముక్కలో పూడ్చేస్తారు. పట్టీ నడుమ చిన్న గొట్టంలా బోలుగా ఉంటుంది. ముక్కలు దూరం జరిగితే ఆ బోలు సాగుతుంది, దగ్గరైతే నలుగుతుంది. కాంక్రీటు పోసేటప్పుడు పట్టీ ఓ చోట మడత పడినా, కింద కంకర సరిగా చేరక తొర్ర మిగిలినా ఆ తర్వాత బాగుచెయ్యడం మహా కష్టం. కోట్ల రూపాయల తొట్టె మంచిచెడ్డలు ఆ రోజు కర్ర పట్టుకుని కాంక్రీటు కూరిన కూలీ ఓపిక మీద ఆధారపడ్డాయి.

కాలువ మీద లస్కరు ఉంటాడు. తలుపులెత్తడం, దించడం, గుర్రపుడెక్క లాగడం, గట్టు వెంట తిరగడం ఆయన పని. ఊటను ఎలా పసిగడతారని ఒకాయన్ని అడిగాను. "గోడకి నాచు మచ్చ ఉంటే కంగారేం లేదండీ. ఆ మచ్చ ఏడాదికేడాదికి కిందకి దిగుతుంటే మాత్రం రాసి పంపాలండి. నాచు అబద్ధం ఆడదండి, ఆయ్" అన్నాడు. ఏ పరికరమూ లేకుండా, పాతికేళ్ల మచ్చల్ని మనసులో పెట్టుకుని చేసే కొలత ఇది. ఈ ఉద్యోగాలు ఏటికేడాది తగ్గిపోతున్నాయి. నాచు మాత్రం దిగడం మానదు.

ఇంత వివరంగా ఈ ఒక్క కట్టడాన్ని చూడటానికి కారణముంది. దీవిలో బతుకు ఎప్పుడూ ఒకటి రెండు దాటింపుల మీద ఉంటుంది. 2014 డిసెంబరులో మాల్దీవుల రాజధాని మాలేలో సముద్రపు నీటిని మంచినీరు చేసే కేంద్రంలో మంటలు లేచాయి. లక్షకు పైగా జనమున్న ఊరికి కుళాయిల్లో చుక్క రాలేదు. మన దేశం విమానాల్లో, ఓడల్లో నీళ్లు పంపింది. 2022 జనవరిలో టోంగాలో అగ్నిపర్వతం పేలి, ఆ దేశాన్ని లోకంతో కలిపే సముద్రపు కేబులు తెగింది. బాగయ్యేసరికి ఐదు వారాలు పట్టింది. రెండు చోట్లా ఆ దారి ఒక్కటే, తెగితే ఏం చెయ్యాలో అలవాటు లేదు.

గన్నవరం దారి కూడా ఒక్కటే. కానీ దాన్ని మనవాళ్లు ప్రతి ఏడూ తామే తెంపుతారు. వేసవిలో రెండో పంట దాళ్వా కోతలయ్యాక కాలువలు కట్టేస్తారు. జూన్‌లో మళ్లీ నీరొదిలేదాకా సుమారు నెలన్నర అక్విడెక్టు ఎండి ఉంటుంది. కట్టేసేముందు ఊరూరా మంచినీటి చెరువులు నింపుకోవాలి, పశువుల గుంటలు నింపుకోవాలి. తొట్టెలోకి దిగి అడుగు చూసుకోవడం, లాకుల తలుపులు విప్పి కొత్త పలకలు వెయ్యడం, గట్టు కట్టుకోవడం అన్నీ ఆ నెలన్నరలోనే. మరమ్మతు కోసం పెట్టుకున్న ఈ ఏర్పాటు తెలియకుండానే ఇంకో పని చేసింది. నీరాగిపోతే ఎన్నాళ్లు ఓర్చుకోగలమో దీవికి ఏటేటా ఒకసారి కొలిచి చూపిస్తుంది. చెరువు పూడిక తియ్యని ఊరు మే నెలలో ట్యాంకర్ కోసం ఎదురుచూస్తుంది, వచ్చే ఏడాదికి బుద్ధి తెచ్చుకుంటుంది. ఇంకోటి, ఈ నీటికి కరెంటు అక్కర్లేదు. 1996 నవంబరు 6 రాత్రి తుపాను కోనసీమ మీద పడింది. వెయ్యి మందికి పైగా పోయారు. కొబ్బరిచెట్లూ కరెంటు స్తంభాలూ కలిసి పడుకున్నాయి. మోటార్ల మీద ఆధారపడినదల్లా ఆగిపోయింది. పల్లాన్ని నమ్ముకున్న కాలువకు అడ్డుపడిన చెట్లు తీస్తే చాలు.

ఇలా తెంపి చూసే అలవాటు లేనిచోట ఏమవుతుందో అదే దీవిలో చూశాం. 2014 జూన్ 27 తెల్లవారుజామున మామిడికుదురు మండలం నగరంలో, తాటిపాక నుంచి కొండపల్లి వైపు వెళ్లే 18 అంగుళాల గెయిల్ గ్యాసు పైపు పగిలి మంటలు లేచాయి. 20 మందికి పైగా చనిపోయారు. పొడి గ్యాసు కోసం వేసిన గొట్టంలో తడి ఉన్న గ్యాసు పోయింది, ఆ తడి లోపలి నుంచి ఉక్కును తినేసింది. నేల కింద గొట్టానికి నాచు మచ్చ ఉండదు. పైన ఇళ్లూ కొబ్బరి తోటలూ టీ దుకాణమూ ఎప్పటిలాగే ఉంటాయి. లోపలి అరుగుదల తెలియాలంటే గొట్టంలోకి పరికరం పంపి కొలవాలి, కొలిచింది చదవాలి, చదివాక ఆపాలి.

ఇక మురుగు సంగతి. నీరు తేవడం సగం విద్యే, పంపేయడం మిగతా సగం. పల్లం వెంబడి వచ్చే డ్రెయిన్లన్నీ చివరికి ఏటిలోనో సముద్రపు మొగలోనో పడాలి. అక్కడ రోజుకు రెండుసార్లు పోటు వస్తుంది, రెండుసార్లు పాటు వస్తుంది. పాటులో మురుగు పోవాలి, పోటులో ఉప్పునీరు లోపలికి రాకూడదు. మనిషిని పెట్టి రోజుకు నాలుగుసార్లు తలుపు తిప్పించడం కుదిరే పని కాదు. దీనికి ఎవరో మహానుభావుడు కనిపెట్టిన తలుపు ఉంది. పై అంచున కీలు, కింది అంచు ఖాళీ. డ్రెయిన్ వైపు నీరు ఎత్తుగా ఉంటే అదే తలుపును బయటికి నెట్టి పోతుంది. సముద్రం వైపు మట్టం పెరగ్గానే ఆ నీరే తలుపును చట్రానికి అదిమేస్తుంది. పోటు ఎంత బలంగా వస్తే తలుపు అంత గట్టిగా మూసుకుంటుంది. శత్రువు బలాన్నే కాపలాకు పెట్టుకున్న తలుపు.

దీని చట్రాన్ని నిటారుగా పెట్టకుండా కాస్త ఏటవాలుగా పెడతారు, తలుపు కిందిభాగం సముద్రం వైపుకు ఉండేలా. అలా ఉంటే రెండు వైపులా నీరు సమానంగా ఉన్నప్పుడు కూడా తలుపు తన బరువుతోనే చట్రం మీద వాలి ఉంటుంది, అలలకు కొట్టుకోదు. బరువు ఎక్కువైతే డ్రెయిన్‌లో చాలా నీరు నిలిస్తే గాని తెరుచుకోదు, పొలం మునుగుతుంది. తక్కువైతే పోటు మొదట్లో సగం తెరుచుకునే ఉండి ఉప్పు లోపలికి ఎక్కుతుంది. అంచున రబ్బరు పట్టీ, పైన కీలు, ఇంతే దాని శరీరం. ఉప్పుగాలికి మొదట పోయేది ఆ కీలే. తుప్పుపట్టి ఓరగా బిగుసుకున్న కీలు మూతా కాదు, దారీ కాదు. గడపలో ఓ తాటిదుంగ ఇరుక్కున్నా అంతే సంగతి. పాత ఇనుముకు ఆశపడి తలుపునే విప్పుకుపోయినా ఆ రోజు ఏమీ జరగదు. ఆ తర్వాతి పౌర్ణమి పోటుకు తెలుస్తుంది.

రాజోలు వైపు శంకరగుప్తం డ్రెయిన్ వెంబడి కొబ్బరి తోటల్లో జరిగింది ఇదే కథలో భాగం. పోటు నీరు డ్రెయిన్ గుండా వెనక్కి ఎక్కి నేలలోకి ఉప్పు దిగింది. మొవ్వులు వాడి, తలలు రాలి, మోడులు నిలబడ్డాయి. కొబ్బరి కొంత ఉప్పును ఓర్చుకునే చెట్టు. వేళ్లు రోజుల తరబడి ఉప్పునీటిలో నానితే అదీ ఓడిపోతుంది. ఉప్పునీటి కన్నా ముందు నుంచీ మురుగు సమస్య ఉంది. 2011లో కోనసీమ రైతులు తొలి పంట సార్వా వెయ్యకుండా పంట విరామం ప్రకటించారు. గిట్టుబాటు ధర, కూలీల కొరత లాంటివి ఎలాగూ ఉన్నాయి, నీరు దిగని పొలం అన్నిటికీ తోడయింది. పోటు, మురుగు రెండూ ఒకే మొగలోంచి నడిచేవి కాబట్టి ఒకదాని కోసం డ్రెయిన్ లోతు తవ్వేటప్పుడు రెండోదాని కోసం తలుపు గురించి అదే కాగితంలో ఆలోచించాలి. వెడల్పాటి కాలువ మురుగుకు ఎంత దారో పోటుకూ అంత దారి.

నీటి తర్వాత మనుషుల దాటింపులు. పెద్ద వంతెనల గురించి ఎక్కువ చెప్పను, అవి తమ గురించి తామే చెప్పుకుంటాయి. రావులపాలెం రెండు పక్కలా జాతీయ రహదారి వంతెనలు, యానాం-ఎదుర్లంక వారధి, చించినాడ, పాశర్లపూడి వంతెనలు వచ్చాక కోనసీమ రాకపోకలు మారిపోయాయి. రైలు మాత్రం కాకినాడ నుంచి కోటిపల్లి దాకా వచ్చి గౌతమి అవతల నిలబడింది. ఆ లైను కూడా 1928లో వేసి, 1940లో యుద్ధానికని పట్టాలు పీక్కుపోతే, 2004లో మళ్లీ వేశారు. ఈ మధ్యలో దాటింపు భారం మోసింది పంటు. రెండు పడవల్ని పక్కపక్కన దుంగలతో బిగించి, మీద బల్లలు పరిచిన తేలే నేల అది. ఒక్క పడవ అయితే పక్కకు ఒరుగుతుంది. రెండింటి మధ్య ఎడం ఉంటే, కారు ఒక పక్కకు ఎక్కినా రెండో పడవ లేవకుండా పట్టుకుంటుంది. కోటిపల్లి-ముక్తేశ్వరం రేవులోనూ, సఖినేటిపల్లి-నరసాపురం రేవులోనూ పంటు మీదికి బండి ఎక్కించేవాడిని చూడండి. ఏ బండి ఎక్కడ నిలబెట్టాలో కేక వేసి చెబుతాడు, తూకం ఎక్కడా వెయ్యడు. గంటిపెదపూడి దగ్గర లంక ఊళ్లకు వేసే మట్టిబాట అయితే జూలైలో మొదటి వరదకే పోతుంది. పోతుందని తెలిసే వేస్తారు. పోయిన మర్నాడు పడవలు సిద్ధంగా ఉంటాయి. శాశ్వత వంతెన రావలసిందే, అందులో రెండో మాట లేదు. వచ్చాక ఆ పడవలు ఒడ్డున పెట్టి మర్చిపోకపోతే మేలు. వంతెన ఉన్నా ఏరు అంచనాను మించి రావచ్చు: ధవళేశ్వరం దగ్గర 1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కులు వచ్చాయి. మూడో ప్రమాద హెచ్చరిక వేసేది 17 లక్షలకే.

మళ్లీ గన్నవరం కాలువ దగ్గరికి వద్దాం. ఎండిన కాలువకు నీరొదలడానికి కూడా ఓ పద్ధతి ఉంది. తలుపులన్నీ ఒకేసారి ఎత్తరు. ఎండి బీటలిచ్చిన గట్టు మీదికి ఒక్కసారి నీరొస్తే జారిపోతుంది. నెలన్నర ఖాళీగా ఉన్న తొట్టె కీళ్లకు బరువు మెల్లగా తెలియాలి. మొదట బొబ్బర్లంక దగ్గర కొద్దిగా ఎత్తి, లొల్ల దగ్గర మట్టం నిలిచాక ఇంకాస్త ఎత్తి, కాలువ నేల తడిసి నీరు తాగడం ఆగేదాకా ఓపిక పడతారు. ముందొచ్చే నీరు చెత్తనూ గుర్రపుడెక్కనూ తోసుకొస్తుంది. వాటిని అక్విడెక్టు మూతి దగ్గర గెడలతో లాగెయ్యాలి, లోపల ఇరుక్కుంటే మట్టం పెరిగి గట్టెక్కుతుంది. శివారు భూముల రైతులకు ఈ ఓపిక పట్టదు. నారుమళ్లకు వేళైపోతోందని ఫోన్ మీద ఫోన్.

"ఏవండీ, మాకింకా చుక్క రాలేదండీ. పైవాళ్లే కట్టుకుంటున్నారా ఏంటి?"

"తలుపెత్తి రెండు రోజులే గదండీ అయ్యింది. గన్నవరం ఇందాకే దాటిందండి. రేపు సాయంత్రానికి మీ తూము దగ్గరకొస్తాది, ముందు మీ బోదెలో తుంగ కోయించండి, ఆయ్."